కూలరు గదికి గేట్‌వే పెట్టె
(సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బల్క్ కూలరున్న సంఘాలు కొన్ని వైరు లేని సెన్సార్లు కొనదలచి మమ్మల్ని సలహా అడుగుతున్నాయి. సెన్సారు సంగతి అందరూ అడుగుతారు. దాని మాట విని ఇంటర్నెట్టుకు అందించే గేట్‌వే పెట్టె సంగతి అడిగేవారు తక్కువ. చిక్కంతా ఆ చిన్న పెట్టె దగ్గరే ఉన్నది.

మేము తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో జరిగినది చెబుతాము. రాత్రి కరెంటు పోయి కూలరు ఆగింది. గేట్‌వే, రౌటరు కూడా అదే లైను మీద ఉన్నందున అవీ ఆగాయి. సెన్సారు బ్యాటరీ మీద పంపుతూనే ఉన్నది గాని వినే దిక్కు లేదు. కాపలా మనిషి ఫోను చూసుకుంటే చివరిగా అందిన 4 డిగ్రీలే కనబడింది. నిశ్చింతగా పడుకున్నాడు. జనరేటరు వేసినవారు లేరు. తెల్లవారి పాలు కాచి చూస్తే విరిగిపోయాయి. ఆ పూట పాలు పోసినవారికి బిల్లు ఇవ్వాలా వద్దా అన్న తగవు మహాజన సభ దాకా వెళ్లింది. తప్పు కాపలా మనిషిదని కొందరన్నారు. మేము అలా అనుకోలేదు. పాత లెక్కను కొత్త లెక్కలా చూపిన ఏర్పాటుదే తప్పు.

కనుక గేట్‌వేను, రౌటరును ఇన్వర్టరు మీద పెట్టించండి. సిమ్ కార్డు వేసుకునే వీలున్న పెట్టె దొరికితే కొంచెం ధర ఎక్కువైనా మేలు. వేడి పెరిగితే వచ్చే హెచ్చరిక ఒకటే చాలదు. అరగంట సేపు సెన్సారు నుంచి కబురు రాకపోయినా కార్యదర్శి ఫోను మోగేలా అమర్చమనండి. ఇది అడగందే ఎవరూ చేసిపెట్టరు.

ఇక కొనుగోలు. లోరావాన్ పద్ధతి పెట్టె అయితే మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్‌లో పనిచేసేదే తీసుకోవాలి. అమెరికా కోసం చేసిన 915 పెట్టె చవకగా వచ్చినా మనకు పనికిరాదు. డబ్ల్యూ.పి.సి. ఆమోద పత్రం చూపమనండి. ఒకే ఛానలు పెట్టెలు కూడా అమ్ముతున్నారు. సెన్సారు కనీసం మూడు ఛానళ్లు మార్చి మార్చి పంపుతుంది, కాబట్టి అటువంటి పెట్టె మూడింట ఒక కబురే వినగలదు. 8 ఛానళ్లది కొనండి. మరో కంపెనీ సర్వరుకు మార్చుకోవచ్చునా అన్నది కొటేషనులోనే రాయించుకోండి.

పెట్టెను ఇనుప బీరువా మీద గాని, కంప్రెసరు పక్కన గాని పెట్టకండి. తలకన్న ఎత్తులో, కిటికీ దగ్గర గోడకు బిగించండి. స్టీలు ట్యాంకు రేడియో అలలను ఆపేస్తుంది. అందుచేత వేడి చూసే కడ్డీ మాత్రమే ట్యాంకులో ఉండాలి, పంపే డబ్బా బయట గోడకు ఉండాలి. గది తలుపులు మూసి, కంప్రెసరు నడుస్తుండగా ఒక రోజంతా కబుర్లు సరిగా వస్తున్నాయో లేదో లెక్కపెట్టండి. తలుపు తీసి చూసిన పరీక్ష పరీక్ష కాదు.

దంచిన ఐసు కలిపిన నీళ్లలో కడ్డీ ముంచితే సున్నా డిగ్రీలు చూపాలి. నెలకొకసారి ఇది చేసి రిజిస్టరులో రాయండి. ఒక రాత్రి కావాలని గేట్‌వే ప్లగ్గు తీసి, ఎవరి ఫోను ఎన్ని నిమిషాలకు మోగిందో అదే పుటలో రాయండి. ఆడిటుకు వచ్చినప్పుడు మేము ముందుగా చూసేది ఆ పుటనే.