పాటకు చిరునామా
(మన సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము మెట్రిక్ దాటి చదివినవారము కాము. రైల్వేలో పార్సెళ్ల లెక్కలు వ్రాసుకొనేవారము. పాటంటే చెవికోసుకుంటామని తెలిసి కార్యదర్శిగారు మమ్మల్ని నిలబెట్టినారు. తప్పులుంటే సర్దుకొనగలరు.

మన లక్ష్మీపూర్‌లో పాడేవాళ్లకు కొదువ లేదు. ఒకప్పుడు నలుగురికీ వినిపించాలంటే జయపూరు ఆకాశవాణిలో ఆడిషన్ నెగ్గవలె, లేదా విశాఖపట్నము పోయి స్టూడియోకు డబ్బు పోయవలె. నేడు ఆ బాధ లేదు. మన పెద్దమ్మగారొకరు, పార్వతీపురం వైపునుండి వచ్చినావిడ, పాడిన నలుగు పాటను మా మేనల్లుడు క్వార్టర్లో తలుపులు మూసి ఫోనులో పట్టినాడు. నడుమ గూడ్సు బండ్లు వచ్చి మూడుసార్లు చెడినది. దానికి రాయగడ స్నేహితుడు డప్పు చేర్చి పంపినాడు. హైదరాబాదు కుర్రవాడొకడు వేణువు వాయించి పంపినాడు. అతని మొగము మేము నేటికీ చూడలేదు! యూట్యూబులో పెట్టిన వారములోనే దుబాయినుండి ఫోను వస్తే పెద్దమ్మగారు కళ్లనీళ్లు పెట్టుకొన్నారు.

డబ్బు మాట అడుగుతారేమో. ప్రకటనల వాటా రావాలంటే మామూలు వీడియోలకు 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణము ఉండవలె. మావాడికి చందాదారులు మూడువందలు దాటలేదు. మైకు కొన్న అప్పు మాత్రము ఉన్నది. అందరికీ ఇంతేనని అనము. రాము రాథోడ్ తానే వ్రాసి ప్రభతో పాడిన ‘రాను బొంబాయికి రాను’ 2025లో సినిమా అండ లేకనే ఊరూరా మ్రోగినది. అటువంటివారు వేయింటికొకరు.

అసలు సంగతి ఇది. కొన్నాళ్లకు ఒక పెండ్లి ఊరేగింపులో అదే నలుగు పాట, అదే పెద్దమ్మగారి గొంతు, క్రింద డీజే మోత! ఎవరో ఎత్తుకొని తమ ఛానెలులో పెట్టుకొన్నారు. పేరున్నచోట ‘జానపదం’ అని ఒక్క ముక్క. మా పార్సెల్ ఆఫీసులో రసీదు లేని మూట కదలదు. పాటలు మాత్రము రసీదు లేకుండ దేశము తిరుగుతున్నవి.

పెద్దవారికీ ఇది తప్పలేదు. సంబల్‌పురి ‘రంగబతి’ని 2015లో కోక్ స్టూడియోవారు కొత్తగా చేస్తే, వ్రాసిన మిత్రభాను గౌంతియా, బాణీ కట్టిన ప్రభుదత్త ప్రధాన్ తమ అనుమతి లేదని నోటీసు పంపినారు. వారికి కాగితాలున్నవి. మన నలుగు పాట ఎవరు కట్టినారో ఎవరికి తెలుసు? అయితే 1957 కాపీరైటు చట్టము తరువాతి సవరణలలో పాడినవారికీ హక్కిచ్చినది. పాడిన గొంతుపై యాభై ఏండ్లు, పేరు చెప్పించుకొనే హక్కు కూడ. మేనల్లుడు ఫిర్యాదు పెట్టగా ఆ వీడియో తీసివేసినారు. అప్పటికే అది మరి నాలుగుచోట్ల మొలిచినది.

ఈ మాట చెప్పబోతే పెద్దమ్మగారు, “నా పేరెందుకు బాబూ, మా అత్త దగ్గర నేర్చిన పాట. ఆమె పేరు వేసినారా మీరు?” అన్నారు. మాకు నోట మాట రాలేదు. వేయలేదు మరి. ఇప్పుడు పాట క్రింద మావాడు నాలుగు పేర్లు వ్రాసినాడు. మొదటిది కాలము చేసిన ఆ అత్తగారిది.

వేణువు కుర్రవాడు రేపటి బండికి దిగుతున్నాడు. అతనికి భోజనము ఎవరింట అన్నది సభ ముగిసినాక తేల్చుకొందాము.