పాత మోటారుకారు నడకలో ఊపు



ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడు మోటారుకారు ఇంజనును గూర్చి మాటాడుట మీకు వింతగా తోచవచ్చును. నేనీ విద్యను గ్రంథమున చదువలేదు. భయపడి, ధనము వ్యయముచేసి, తుదకు నా శిష్యుని వలన నేర్చుకొంటిని. మన నెల్లూరు తీరగ్రామములలో పాత అంబాసిడరు కార్లను కాపాడుకొనుచున్నవారు నేటికిని కలరు. పడమటి బెంగాలులోని ఉత్తరపారాలో ఆ కారు నిర్మాణము 2014 లో నిలిచిపోయినది. ఇక ఉన్నదానిని బాగుచేసికొనుటయే గాని క్రొత్తది కొనుట లేదు. అట్టివారి కొరకే ఈ నాలుగు మాటలు.

మొదట వ్యాధి లక్షణము చెప్పెదను. ఊరి వీథులలో కారు చక్కగానే నడచును. పెద్దరోడ్డెక్కి, గంటకు 60, 70 కిలోమీటర్ల వేగమున, కాలు కదపక సమముగా పోవుచుండగా అది దానంతట ముందునకు ఉరుకును. మరుక్షణమున ఎవరో వెనుకకు లాగినట్లు మందగించును. ఎద్దులు ఒకమారు లాగి, ఒకమారు కాడి వదలిన బండి వలె నుండును. దీనినే ఊపు అనుచున్నాను.

రెండేండ్ల క్రిందట నా ఇల్లాలిని కంటి పరీక్షకై చెన్నపట్టణమునకు తీసికొని పోవుచుంటిని. నెల్లూరు దాటి మనుబోలు సమీపించునప్పటికి ఊపు ఆరంభమైనది. వెనుక లారీ, ప్రక్కన బస్సు. కారు ఒక్కమారుగా మందగింపగా లారీ హారను మా చెవులు బద్దలగునట్లు మ్రోగినది. ఆమె నా భుజము పట్టుకొని “ఏమండీ, ప్రక్కకు తీయండి” అనెను. ప్రక్కకు తీసి పది నిమిషములు నిలిపితిని. పిదప ఏమియు ఎరుగనట్లు నడచినది. కొంతదూరము పోగా మరల అదే తీరు. ప్రయాణము మాని వెనుదిరిగితిమి.

ఒక మరమ్మతుశాలలో ప్లగ్గులు మార్చిరి. తరువాత పెట్రోలు పంపు మార్చిరి. ఆ తరువాత కార్బొరేటరే మార్చిరి. మూడు నెలలు గడచినవి. ఊపు మాత్రము మారలేదు. తుదకు పాత ఇనుమునకు అమ్మివేయుడనిరి.

అప్పుడు మోటారు పనిలో ఆరితేరిన నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చి, కథ అంతయు విని యిట్లనెను: “అయ్యవారూ, హేతువు ఉన్నప్పుడు కార్యము కలుగుటయు, అది లేనప్పుడు కలుగకుండుటయు రెండును చూడవలెనని మీరే గదా మాకు చెప్పితిరి! ఈ బండికి ఎవరైన అట్లు చూచిరా? పెట్రోలు తొట్టి మూత ఎప్పుడైన మార్చితిరా?”

మార్చితిననియు, పాత మూత పోగా బజారున దొరికినదానిని పెట్టించితిననియు చెప్పితిని. అతడు నవ్వి, మూతను కొంచెము వదులుచేసి నా ప్రక్కన కూర్చుండెను. గూడూరు వరకు పోతిమి, ఊపు లేదు. అచట మూతను గట్టిగా బిగించి తిరుగుముఖము పట్టితిమి. నెల్లూరు చేరకమునుపే ఊపు వచ్చినది. దిగి మూత విప్పగా గాలి ‘స్స్’ మని తొట్టిలోనికి దూరినది. అంతటితో నిదానము తేలినది.

నూనె డబ్బాకు ఒకే రంధ్రము పొడిచినచో నూనె గుక్కగుక్కగా పడును. రెండవ రంధ్రము పొడిచినచో ధారగా పడును. ఇది మన ఇండ్లలోని ఆడువారందరు ఎరిగినదే. తొట్టిలోని పెట్రోలు తగ్గినకొలది ఆ చోటికి గాలి రావలెను. నా కారునకు ఆ గాలిదారి మూతయందే యుండెను. క్రొత్త మూతకు రంధ్రము లేదు. సందులనుండి దూరు కొద్దిపాటి గాలి నెమ్మది నడకకు చాలినది, వేగమునకు చాలలేదు. పది నిమిషములు నిలిపినప్పుడు ఆ కొద్ది గాలియే లోపల నిండెను. కావుననే బండి మరల నడచెను. రంధ్రము గల మూత పెట్టించితిని, వ్యాధి పోయినది.

అయితే అందరి వ్యాధియు ఇదియే కాదు. నా శిష్యుడు నేర్పిన క్రమమును వినుడు. జనసంచారము లేని దారిలో, తోడు మనిషితో పోవుచు, ఊపు వచ్చినప్పుడు చోకును కొద్దిగా లాగుడు. ఊపు తగ్గినచో ఇంజనుకు పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనదని తెలియవలెను. అప్పుడు మూత, ఫిల్టరు, పంపు, కార్బొరేటరులోని జెట్టు అను వరుసను చూడుడు. కార్బొరేటరు అడుగున గ్యాస్కెట్టు చెడి దొంగగాలి దూరుచున్నదేమో తెలియుటకు, ఇంజను నిలుకడగా తిరుగుచుండగా ఆ అతుకుపై సబ్బునీరు చల్లుడు. నీరు లోనికి పీల్చుకొనబడి, ఇంజను ధ్వని మారినచో అచటనే లోపము. వేడి ఇంజనుపై పెట్రోలు చల్లి చూడరాదు, అగ్ని ప్రమాదము.

చోకు లాగినను తగ్గనిచో నిప్పురవ్వ వేళ తప్పుచున్నదేమో చూడవలెను. డిస్ట్రిబ్యూటరు ప్రక్కనున్న సన్నని గాలిగొట్టమును ఊడదీసి, కార్బొరేటరు వైపు కొనను మూసి తోలుడు. ఊపు పోయినచో, ఆ గొట్టము చేరు డబ్బీలోని పొర చినిగియుండును, లేదా లోపలి పళ్లెము అరిగి కదలుచుండును.

మన తీరవాసులకు మరి రెండు మాటలు. ఉప్పుగాలి తేమకు సగము ఖాళీగానున్న తొట్టి లోపల త్రుప్పు పట్టి, ఆ పొడి ఫిల్టరును మూయును. కావున నిలిపియుంచు బండికి తొట్టి నిండుగా నుంచుట మేలు. రెండవది, 2025 నాటికి మన దేశమున అమ్ము పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపుట వ్యాపించినది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు మండుటకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఎథనాలునకు 9 పాళ్లు చాలును. పెట్రోలునకే అమర్చిన పాత కార్బొరేటరులో అందువలన గాలి కొంత మిగులును. ఊపునకు అదియు ఒక కారణము. ఎథనాలు పాత రబ్బరు గొట్టములను కూడ చెరచును, తేమను పీల్చును. మెకానిక్కుతో చెప్పి కొంచెము పెద్ద జెట్టు వేయించుకొని, ఎథనాలునకు తట్టుకొను గొట్టములు పెట్టించుకొనుడు.

ఒక్కమారు ఒక్కదానినే మార్చి చూడుడు. నాలుగును ఒకేసారి మార్చినచో రోగము కుదిరినను ఏ మందుకు కుదిరినదో తెలియదు. మూత విప్పి చూచుటకు కానీ ఖర్చు లేదు. అది మొదట చేయక మూడు నెలలు కోల్పోయితిని. నా ఇల్లాలి కంటి పరీక్షయు మూడు నెలలు వెనుకబడినది. మీకట్టి ఆలస్యము కలుగకుండుగాక.

సెలవు.