కల్యాణమస్తు లబ్ధిదారులకు: హాలు అడ్వాన్స్ ఇచ్చే ముందు
(బారువ అవగాహన సమావేశం ప్రసంగ పాఠం, 2023)



వైఎస్సార్ కల్యాణమస్తు 2022 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. 2023లో బీసీలకు రూ.50,000, ఎస్సీ, ఎస్టీలకు రూ.1,00,000 ఇచ్చేవారు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాల్సి ఉండేది. ఇద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్నది అప్పటి నిబంధన.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ డబ్బు పెళ్లయ్యాక, దరఖాస్తు పరిశీలించాక వచ్చేది. హాలుకు మాత్రం పెళ్లికి ముందే కట్టాలి. "గవర్నమెంటు డబ్బు వస్తాది కదా" అని మూడు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చారనుకోండి, ఆరు నెలలకు వడ్డీయే 9,000. వచ్చిన సాయంలో అంత కోతే కదా!

అందుకే చేతిలో ఉన్న డబ్బుకు తగ్గ చోటే చూడండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి అడగండి:

1. అద్దె ఎన్ని గంటలకు? దాటితే ఎంత?
2. కరెంటు, జనరేటర్ డీజిల్, వంటపాత్రలు, క్లీనింగ్ అద్దెలోనేనా, వేరా?
3. జీఎస్టీ వేస్తారా? 18 శాతమంటే 40,000 అద్దె మీద 7,200 అదనం.
4. వంటకు, డెకరేషన్‌కు మనవాళ్లను పెట్టుకోవచ్చా?
5. తుఫాను వస్తే? 2018 అక్టోబర్ 11న తిత్లీ మన ఉద్దానాన్ని ఏం చేసిందో మీరే చూశారు. తేదీ మారుస్తారా, అడ్వాన్స్ తిరిగిస్తారా అన్నది రసీదు మీద రాయించుకోండి.

ఇంటి ముందు పందిరి వేసినా, గుడిలో చేసినా సాయం తగ్గేది కాదు. పథకానికి అడిగింది పెళ్లి ధ్రువపత్రం, హాలు బిల్లు కాదు. పెళ్లయ్యాక సచివాలయంలో దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. వచ్చిన డబ్బు అప్పులోడికి కాదు, మన పిల్లకు దక్కాలి.