పదవి ఎవరిది? మాట ఎవరిది?

1923వ సంవత్సరమున కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగెను. అచ్చటి ప్రదర్శనశాల ద్వారమువద్ద పదునాలుగేండ్ల బాలిక యొకతె స్వచ్ఛంద సేవికగా నిలిచియుండెను. టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయరాదని ఆమెకు ఆజ్ఞ. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చెను. ఆయనవద్ద టిక్కెట్టు లేదు. బాలిక ఆయనను ఆపెను. నిర్వాహకులు టిక్కెట్టు కొని యిచ్చిన పిమ్మటనే ఆయన లోనికి పోగలిగెను. ఆ బాలికయే దుర్గాబాయి.

ఈ కథను ఆమె ధైర్యమునకు నిదర్శనముగా చెప్పుకొనుట వాడుక. కాని ఇందు మఱియొక విశేషము కలదు. బాలిక నోట వెలువడినను నియమము నియమముగానే చెల్లినది. అప్పగించిన పని ఆమె చేతనే నిలిచినది. అనంతర కాలమున ఆమె మదరాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. రాజ్యాంగ పరిషత్తులో సభ్యురాలయ్యెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యెను.

నేడు అట్టి బాధ్యత పల్లెపల్లెన స్త్రీలకు లభించినది. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీ స్థానములలోను అధ్యక్ష పదవులలోను మూడవ వంతుకు తగ్గకుండ స్త్రీలకు కేటాయించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టములు దానిని సగమునకు పెంచినవి. పదవి వచ్చినది, మాట వచ్చినదా?

కొన్ని సంవత్సరముల క్రిందట ధ్వనిముద్రణకై మేమొక పల్లెకు పోయితిమి. పంచాయతీ కార్యాలయమున పెద్ద కుర్చీలో కూర్చుండి మమ్ము ఆహ్వానించినవారు సర్పంచిగారి భర్త. మేము కోరగా ఆమెను పిలిపించిరి. ఆమె వచ్చి గోడప్రక్క బల్లపై కూర్చుండెను. మూడు ప్రశ్నలకు ఆయనయే సమాధానము చెప్పెను. నాలుగవది మంచినీటి కుళాయిల గురించినది. ఎగువ వీధికి నీరు ఏ వేళ వచ్చునో ఆయనకు తెలియలేదు.

“తెల్లారుజామున నాలుగింటికండీ. అరగంటే వస్తుంది. నేనూ బిందె పెట్టుకుని నిలబడేదాన్నేగా!” అని ఆమె యనెను.

ఆపై పది నిముషములు ఆమెయే మాటలాడెను. గొట్టము ఎచ్చట పగిలినదో, మరమ్మతుకు ఎంత కావలయునో, తీర్మానము ఎందులకు ఆగినదో అంతయు ఆమెకు కంఠస్థము. ఆయన మౌనముగా వినుచుండెను.

తిరిగివచ్చి ఆ ముద్రణను వినినపుడు మాకు సిగ్గు కలిగినది. మొదటి మూడు ప్రశ్నలను “అయ్యా” యని ఆయనను సంబోధించి అడిగినవారము మేమే. ఆమె మాటకు అడ్డు ఆమె యింటివారు మాత్రమే కారు. ఎదుట నిలిచిన మనమును కూడ.

శ్రోతలారా, మీ గ్రామమునకు స్త్రీ సర్పంచియైనచో, పనిమీద పోయినపుడు అర్జీని ఎవరి చేతికి ఇచ్చుచున్నారో ఒక్కమారు చూచుకొనుడు.