ఎప్పింగ్ అడవి: ఉమ్మడి హక్కు నుంచి ప్రజాచట్టం దాకా

లండన్ నగరానికి ఈశాన్యంగా, మానర్ పార్క్ నుంచి ఎసెక్స్ జిల్లాలోని ఎప్పింగ్ పట్టణం వరకు సుమారు 19 కిలోమీటర్ల పొడవున సన్నగా సాగిన ఎప్పింగ్ అడవి నేటికీ దాదాపు 6,000 ఎకరాల మేర మిగిలి ఉందంటే, అది ఆంగ్లేయుల ప్రకృతి ప్రేమకు నిదర్శనమని చెప్పడం పరిపాటి. 1865 నుంచి 1878 వరకు ఆ అడవి కోసం జరిగిన పోరును పరిశీలిస్తే ఈ మాటలో సగమే నిజమని తేలుతుంది. కట్టెలు కొట్టుకునే పేదల హక్కు, పశువులను మేపుకునే రైతుల హక్కు, ధాన్యం మీద నగరపాలక సంస్థ వసూలు చేసిన సుంకం, కొత్తగా ఓటు వచ్చిన కార్మికుల సంఖ్యాబలం ఒక్కచోట కలిసినందువల్ల ఆ అడవి దక్కింది. వాటిని కలపడమే అక్కడ రాజకీయం చేసిన పని.

మధ్యయుగపు ఇంగ్లండులో అడవి అంటే చెట్లున్న చోటు మాత్రమే కాదు, రాజు వేటకోసం ప్రత్యేక శాసనాలు అమలైన ప్రాంతమంతా అడవి కిందికే వచ్చేది. ఒకే నేల మీద మూడు రకాల హక్కులు ఉండేవి: భూస్వామ్యం మేనర్ ప్రభువుది, అంటే స్థానిక జమీందారు వంటి వాడిది, లేళ్ల మీద అధికారం రాజుది, మేత మేపుకునే, కట్టెలు తెచ్చుకునే హక్కు అక్కడి భూములు, ఇళ్లు అనుభవించే ఉమ్మడి హక్కుదారులది. లేళ్లు స్వేచ్ఛగా తిరగాలి కాబట్టి భూస్వామి ఆ నేలకు కంచె వేయడానికి వీలుండేది కాదు; రాజుల వేట మోజు శతాబ్దాల పాటు ప్రజల హక్కులకు తెలియకుండానే కాపలా కాసింది. పందొమ్మిదో శతాబ్దం నాటికి వేటమీద ఆసక్తి పోయిన రాచరిక ప్రభుత్వం తన హక్కులను భూస్వాములకే అమ్మజూపింది. 1851లో పార్లమెంటు చట్టం ద్వారా పక్కనే ఉన్న హైనాల్ట్ అడవికి అడవి హోదా తొలగించగానే చెట్లు నరికి, వేళ్లు పెకలించి, నేలను దున్ని సేద్యానికి పెట్టారు. ఎప్పింగ్‌కు ఏ గతి పట్టనున్నదో ఆ తరానికి కళ్లెదుటే కనిపించింది.

1865 ప్రాంతంలో లౌటన్ గ్రామపు మేనర్ ప్రభువు మెయిట్లండ్, క్రైస్తవ మతగురువు కూడా అయిన వాడు, సుమారు 1,300 ఎకరాలకు కంచె కట్టించాడు. ఆ గ్రామస్థులకు నవంబరు 11 అర్ధరాత్రి మొదలు ఏప్రిల్ 23 వరకు చెట్ల కొమ్మలు కొట్టుకునే ఆచారసిద్ధమైన హక్కు ఉంది. పశువుల నోటికి అందనంత ఎత్తులో కాండాన్ని ఉంచి పైకొమ్మలనే కొట్టాలి, అప్పుడు చెట్టు మళ్లీ చిగురించి కొన్నేళ్లకు మళ్లీ కట్టెలిస్తుంది. ఎప్పింగ్‌లోని బీచ్, హార్న్‌బీమ్ చెట్లు పొట్టి మొద్దుల మీద చేతులు చాచినట్టు కనిపించడానికి కారణం ఈ కోతే. థామస్ విల్లింగేల్ అనే ముదుసలి కూలీ కంచెను లెక్కచేయక కొమ్మలు కొట్టాడు. 1866లో ఆయన కుటుంబీకులు జైలు పాలయ్యారు. అప్పటికి ఏడాది క్రితం షా లెఫెవర్ చొరవతో ఏర్పడిన కామన్స్ ప్రిజర్వేషన్ సొసైటీ, అంటే ఉమ్మడి భూముల రక్షణ సంఘం, ఆయన పేరిట మెయిట్లండ్ మీద దావా వేయించింది. 1870లో విల్లింగేల్ మరణించడంతో ఆ దావా తీర్పు లేకుండానే ఆగిపోయింది.

అయినా దావా నడిచిన ఆ నాలుగేళ్లలో మరొకటి జరిగింది. 1867 సంస్కరణ చట్టం పట్టణాల్లో ఇళ్లు కలిగి, లేక అద్దెకుండి కాపురం చేసే కార్మికుల్లో అనేకులకు ఓటు ఇచ్చింది. ఆదివారాల్లో ఈ అడవికి విహారానికి వచ్చే తూర్పు లండన్ జనం అప్పటిదాకా పార్లమెంటుకు అర్జీదారులే, ఇక మీదట ఓటర్లు. ఈ మార్పును ముందుగా పసిగట్టిన వారిలో హెన్రీ ఫాసెట్ ఒకడు. యౌవనంలోనే తుపాకి ప్రమాదంలో చూపు కోల్పోయి, కేంబ్రిడ్జ్‌లో అర్థశాస్త్రాచార్యుడై, పార్లమెంటు సభ్యుడైన ఈయన తెలుగువారికి పూర్తిగా అపరిచితుడేమీ కాడు. టర్కీ సుల్తానుకు లండన్‌లో ఇచ్చిన విందు ఖర్చును భారతదేశ ఖజానా మీద వేసినందుకు 1867లో ప్రభుత్వాన్ని నిలదీసి, ‘భారతదేశపు సభ్యుడు’ అని పేరు తెచ్చుకున్నవాడు. 1870లో ఆయన ప్రతిపాదన మీద కామన్స్ సభ ఎప్పింగ్ అడవిని కాపాడమని రాణికి విన్నపం పంపింది. ప్రభుత్వం మాత్రం కొద్ది వందల ఎకరాలు ప్రజలకు వదిలి మిగతాది భూస్వాములకు పంచే బేరానికి సిద్ధపడింది. ఫాసెట్ దానికీ ఒప్పుకోలేదు. 1871 జూలై 8న వాన్‌స్టెడ్ ఫ్లాట్స్ అనే మైదానంలో వేలాది జనం సభ జరిపి, ఆపైన అక్కడ వేసిన కంచెలను పడగొట్టారు. పత్రికలు దాన్ని అల్లరి అన్నా, ఓట్ల లెక్క తెలిసినవారికి అది అల్లరిగా తోచి ఉండదు.

అసలు మలుపు తిప్పింది ఒక శ్మశానం. లండన్ నగరపాలక సంస్థ 1850లలో నగరవాసుల ఖననానికై ఆల్డర్స్‌బ్రూక్ వద్ద కొన్న భూమికి అడవిలో మేత హక్కు అనుబంధంగా వచ్చింది. అడవి అంతా కంచెలేని ఒకే బయలు కనుక ఒక మూలన హక్కు ఉన్నవారి పశువులు ఏ మూలకైనా వెళ్లవచ్చుననే వాదం మీద, ఆ ఒక్క శ్మశానం ఆధారంగా పలు మేనర్ల భూస్వాములందరినీ ఒకే దావాలో కోర్టుకు ఈడ్చడానికి వీలు చిక్కింది. ఈ వ్యూహం వెనుక ఉన్న న్యాయవాది రాబర్ట్ హంటర్, తర్వాత 1895లో నేషనల్ ట్రస్ట్ స్థాపకుల్లో ఒకడు. నగరంలోకి దిగుమతయ్యే ధాన్యం మీద వచ్చే సుంకాన్ని బహిరంగ స్థలాల రక్షణకు వాడుకునే అధికారం సంస్థకు ఉండటంవల్ల డబ్బుకు కొరత రాలేదు. విల్లింగేల్ మరణంతో ఆగిన వ్యాజ్యాన్ని మరణం లేని ఒక సంస్థ అందుకుంది. 1874లో న్యాయమూర్తి జార్జ్ జెస్సెల్ 1851 తర్వాతి కంచెలు అక్రమమని తీర్పు చెప్పాడు.

1878 నాటి ఎప్పింగ్ అడవి చట్టం నగర సంస్థను సంరక్షకునిగా నియమించి, అడవి కంచెలు, కట్టడాలు లేకుండా ప్రజల విహారానికి ఎప్పటికీ తెరిచి ఉండాలని, దాని సహజరూపం చెడకూడదని విధించింది. అదే చట్టం కొమ్మలు కొట్టే హక్కును రద్దు చేసింది. ఏ హక్కును ముందు పెట్టి పోరు మొదలైందో ఆ హక్కే గెలుపు నాడు 7,000 పౌండ్ల పరిహారంగా మారింది. ఆ సొమ్ముతో లౌటన్‌లో 1884లో లాపింగ్ హాల్ అనే సభాభవనం వెలిసింది. 1882 మే 6న విక్టోరియా రాణి హై బీచ్ వద్దకు వచ్చి అడవిని ప్రజలకు అంకితం చేసినప్పుడు నగరవాసులు పొందినదెంతో, కట్టెలమీద బతికిన కుటుంబాలు వదులుకున్నదెంతో లెక్క కట్టి చూస్తే, మైత్రిలో బలహీనుడి వాటా ఎలా కరిగిపోతుందో అర్థమవుతుంది. అడవికీ ఇందులో నష్టం లేకపోలేదు. కోత ఆగిన మొద్దుల మీద కొమ్మలు బరువెక్కి, కొన్నిచోట్ల చెట్లు చీలిపోయి, నేల మీదికి వెలుతురు తగ్గి, గడ్డిపూలు, పొదలు క్షీణించాయి. తర్వాతి కాలపు సంరక్షకులు కొన్ని చెట్లకు పాత పద్ధతిలో మళ్లీ కోత మొదలుపెట్టారు.

చట్టానికున్న పట్టు మాత్రం సడలలేదు. 2012 ఒలింపిక్స్ సందర్భంగా వాన్‌స్టెడ్ ఫ్లాట్స్ మీద పోలీసులకు తాత్కాలిక విడిది వేయడానికి 1878 చట్టం అడ్డువచ్చింది. ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ద్వారా ఆ చట్టాన్ని ఆ ఒక్క అవసరానికి సవరించుకోక తప్పలేదు, స్థానికులు దానినీ వ్యతిరేకించారు.