స్థూలకాయ శస్త్రచికిత్స: తలక్రిందులైన పథ్యము



నేను వైద్యుడను కాను. 30 సంవత్సరములకు పైగా గ్రామ పాఠశాలలలో తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్న పండితుడను. అట్టివాడు శస్త్రచికిత్సను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరకు సందేహము కలుగవచ్చును. శస్త్రము వైద్యుని చేతిలోనిది. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పి విడిచెదను. దానికి ముందును పిమ్మటను రోగి తినవలసిన ఆహారము మన వంటయింటిలోనిది. ఆ యింటికి పెద్దలు మీరు. మీ మాట కాదని కొడుకు గాని కోడలు గాని ఒక ముద్ద తగ్గించుకొనుట కష్టము. వైద్యులు రోగికి చెప్పుచునే యున్నారు. నేను మీకు చెప్పదలచితిని.

అతిస్థూలకాయము మన పూర్వులెరుగని రోగము కాదు. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము దీనిని చర్చించినది. మధుర స్నిగ్ధ పదార్థములను మితిమీరి తినుట, వ్యాయామము లేమి, పగటినిద్ర దీనికి కారణములని చరకుడు చెప్పినాడు. అట్టివారికి యవలు, ఆరికలు, పెసలు, ఉలవలు మొదలగువానిని విధించినాడు. ఆహారము తగ్గించియు, నడక నడచియు, ఏండ్లతరబడి ప్రయత్నించినను బరువు తగ్గనివారికి నేడు ఆమాశయమును చిన్నది చేయు శస్త్రచికిత్స కలదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు 1966లో బైపాస్ పద్ధతిని ఆరంభించెను. ఇందు ఆమాశయపు పైభాగమున కోడిగ్రుడ్డంత చిన్న సంచిని ఏర్పరచి, దానిని నేరుగా చిన్నప్రేగునకు కలుపుదురు. స్లీవ్ అను రెండవ పద్ధతిలో ఆమాశయమున ఇంచుమించు నాలుగింట మూడు పాళ్లు తీసివేసి, అరటికాయవంటి సన్నని గొట్టమును మాత్రము మిగుల్తురు.

ఎవరికి చేయవలయునన్నదానికి ఒక లెక్క యున్నది. ఎత్తును మీటర్లలో కొలిచి, దానిని దానితోనే హెచ్చవేసి, వచ్చిన సంఖ్యచే బరువును భాగింపవలయును. 1 మీటరు 60 సెంటీమీటర్ల యెత్తుగలవారు 90 కిలోల బరువున్నచో 35 వచ్చును. 35 దాటినవారికి వేరు వ్యాధులు లేకున్నను ఈ చికిత్స చేయవచ్చుననియు, ఆసియా ఖండమువారికి 27.5 నుండియే ఆలోచింపవచ్చుననియు 2022లో రెండు శస్త్రవైద్య సంఘములు కలిసి ప్రకటించినవి. లెక్క చాలును, కంచమునకు వత్తము.

చికిత్సకు ముందు సాధారణముగా రెండు వారములపాటు పిండిపదార్థములను బాగుగా తగ్గింపుమని వైద్యులు చెప్పుదురు. ఎన్ని దినములో, ఎంత తగ్గింపవలయునో వైద్యుని బట్టి మారును. ఇది రోగి మనోనిబ్బరమును పరీక్షించుటకని కొందరు తలచెదరు. తినకముందే కడుపు మాడ్చుట యేమని కొందరు కోపింతురు. కారణము వేరు. మనము తిన్న పిండి చక్కెరయై రక్తమున కలియును. అప్పటికి అక్కరలేనిది కాలేయమున గ్లైకోజెన్ అను రూపమున నిలువయుండును. ఆ నిలువ ఇంచుమించు 100 గ్రాములు. ఒక్కొక్క గ్రాము తనతో 3 గ్రాముల నీటిని పట్టియుంచును. స్థూలకాయులకు దీనికితోడు కాలేయమున క్రొవ్వు పేరుకొని అది ఉబ్బియుండును. ఆ కాలేయపు ఎడమభాగము ఆమాశయముపై మూతవలె కప్పియుండునని తెలిసినచో తక్కినది మీరే ఊహింపగలరు. నేటి శస్త్రవైద్యులు కడుపును నిలువున కోయరు. చిన్నచిన్న రంధ్రములగుండ దుర్బిణీగొట్టమును, పనిముట్లను పంపి, కాలేయమును పైకెత్తి, క్రిందనున్న ఆమాశయముపై పనిచేయుదురు. ఉబ్బి, క్రొవ్వుపట్టి, పెళుసెక్కిన కాలేయమును ఎత్తబోయిన అది చిట్లి రక్తము కారవచ్చును. చోటు చాలక కడుపు కోయవలసి రావచ్చును, పని మానుకొని కుట్లువేయవలసియు రావచ్చును. పిండి తగ్గించినచో గ్లైకోజెను, దానితో నీరు, కొంత క్రొవ్వు పోయి, రెండు వారములలోనే కాలేయము చిక్కి మెత్తబడును.

ఇక పిండిపదార్థమన నేమి? ఇచ్చట మన పాఠ్యపుస్తకముల మాటయే చిక్కు తెచ్చిపెట్టినది. నా అక్క కూతురికి కొన్ని యేండ్ల క్రిందట ఈ చికిత్స నిశ్చయమైనప్పుడు, వైద్యులిచ్చిన ఆంగ్లపు కాగితమును ఆ యింటివారికి చదివి వినిపించు పని నాకు వచ్చినది. "పిండిపదార్థములు మానవలెను" అని నేను చదువగా ఆమె అత్తగారు తలయూపి, "అలాగే అన్నయ్యగారూ, రొట్టెలూ దోసెలూ మానిపిస్తాను. ఒక్క పూట అన్నం, రాత్రికి ఇంత రాగిజావ, మధ్యలో సగ్గుబియ్యం కాచి ఇస్తాను" అన్నది. నేను అన్నమును పిండియే యనగా ఆమె నవ్వి, "బియ్యం పిండి ఎలా అవుతుందండీ, విసిరితే గదా!" అన్నది. తెలుగు వ్యవహారమున ఆమె పలికినదే సరియైన యర్థము. పారిభాషిక పదమును చేసినవారు దానిని తలచలేదు.

కావున వివరముగా చెప్పెదను. 100 గ్రాముల బియ్యమున 78 గ్రాములు పిండిపదార్థమే. గోధుమపిండియు రాగులును 65 మొదలు 70 గ్రాముల వరకు కలవి. పీచు హెచ్చగుటచే మెల్లగా జీర్ణమగునే కాని పిండి పిండియే. అన్నము మాని మూడు చపాతీలు తిన్నవాడు తగ్గించినదానికంటె మార్చినదే యెక్కువ. సగ్గుబియ్యము, పాలగుండ దాదాపు శుద్ధమైన పిండియే. ఆలుగడ్డ, చామదుంప, కంద, అరటికాయ, అటుకులు, మరమరాలు ఈ కోవలోనివే. బెల్లము, తేనె, పండ్లరసము, సోడాపానీయములు చక్కెరలు. అవియు ఈ లెక్కలోనివే.

గంజి, జావ, సగ్గుబియ్యము, పాలగుండ, రొట్టెముక్క: మన యిండ్లలో జబ్బుపడినవానికి పెట్టు పథ్యమంతయు పిండియే యని అప్పుడు నాకు తట్టినది. జ్వరపడి లేచినవానికి అది తగినదే. తేలికగా జీర్ణమగును, శక్తి నిచ్చును. ఈ చికిత్సలో మాత్రము ఆ పథ్యము తలక్రిందులగును. మనము బరువని తలచు గ్రుడ్డు, పెరుగు, చేప, పనీరు, గట్టిపప్పు ఇచ్చట పథ్యము. తేలికయని తలచు గంజి ఇచ్చట అపథ్యము. ఈ మాట మనకే కొత్త కాదు. లండను నగరమున విలియం బ్యాంటింగ్ అను వృద్ధుడు, మెట్లు దిగుటకు వెనుకకు తిరిగి దిగవలసినంత లావై, చెవుడు వచ్చి, విలియం హార్వే అను వైద్యుని కడ కేగెను. ఆయన రొట్టె, చక్కెర, బీరు, ఆలుగడ్డ మానుమనెను. 202 పౌనులున్న బ్యాంటింగ్ ఒక సంవత్సరములో 46 పౌనులు తగ్గి, 1863లో ఆ సంగతిని చిన్న పుస్తకముగా అచ్చువేసెను.

ఒక హెచ్చరిక. మధుమేహమునకు ఇన్సులిను గాని కొన్ని మాత్రలు గాని వాడువారు, వైద్యునితో చెప్పకుండ ఈ పథ్యమును ఆరంభింపరాదు. పిండి తగ్గి, మందు తగ్గనిచో రక్తమున చక్కెర హఠాత్తుగా పడిపోవును. చెమట, వణుకు, కండ్లు తిరుగుట, తుదకు స్మృతి తప్పుట సంభవించును. ఏ మందు ఎంత తగ్గింపవలయునో, ఏది ఎప్పుడు ఆపవలయునో ముందుగనే వ్రాయించుకొనవలయును. రక్తపోటు మాత్రలకును ఈ మాటయే. రాత్రివేళ రోగికి చెమటలు పట్టినచో "ఆకలిచే నీరసించినది" అని ఊరకుండరాదు.

చికిత్స పిమ్మట మొదట నీరు, పలుచని ద్రవములు; అటుపై పాలు, మజ్జిగ వంటివి; తరువాత మెత్తగా నూరినవి; పిదప మెత్తనివి; ఒకటిన్నర, రెండు నెలలకు మామూలు వంట. ఒక్కొక్క గుటకయే త్రాగవలయును. భోజనమును నీటిని కలుపరాదు. అరగంట ఎడము కావలయును. ఈ కాలమున రోగికి దినమునకు 60 గ్రాములకు తక్కువ కాకుండ మాంసకృత్తులు అందవలయును. లేనిచో శరీరము తన కండను తానే కరగించుకొనును, జుట్టు రాలును, గాయములు ఆలస్యముగా మానును. ఒక గ్రుడ్డులో 6 గ్రాములు, గ్లాసెడు పాలలో 6 లేక 7 గ్రాములు గలవు. 100 గ్రాముల వండిన యన్నమున రెండున్నర గ్రాములు మాత్రమే. 60 గ్రాములు అన్నము నుండియే రావలయునన్నచో 2 కిలోల 400 గ్రాముల యన్నము తినవలసివచ్చును. క్రొత్త ఆమాశయమున చిన్న గిన్నెడైనను పట్టదు! అందు ముందుగా నాలుగు ముద్దలన్నము పడినచో తక్కినదానికి చోటే లేదు. పప్పుపై తేరిన కట్టు బలమని త్రాగింతురు. బలమంతయు అడుగున నున్న పప్పులోనిది. పైగా అన్నపుముద్దయు రొట్టెయు జిగటగా ఉండకట్టి, ఇరుకైన దారిలో అడ్డుపడి నొప్పిని, వాంతిని కలిగింపవచ్చును.

తీపి సంగతి వేరు. బైపాస్ అయినవారు పాయసమో లడ్డో తిన్నచో, అది ఆమాశయమున నిలువక ఒక్కమారుగా ప్రేగులోనికి దూకును. అరగంటలో గుండెదడ, చెమట, కడుపునొప్పి, విరేచనము. పండుకొనిన గాని నిలువలేరు. మరికొందరకు ఒకటి మొదలు మూడు గంటలు గడచిన పిమ్మట, ఇన్సులిను మితిమీరి ఊరుటచే, రక్తమున చక్కెర పడిపోయి కండ్లు తిరుగును. ఇది కొన్నియేండ్లకును మొదలు కావచ్చును. స్లీవ్ అయినవారికి ఈ బాధ తక్కువ.

వాంతులు రెండు మూడు దినములు ఆగనిచో ఇంటిలో కాలయాపన చేయరాదు. థయమిన్ అను విటమిను శరీరమున కొద్దివారములకే నిలువయుండును. అది తరిగినచో చూపు చెదరుట, నడక తూలుట, మతి తప్పుట కలిగి, శాశ్వతముగా మిగిలిపోవచ్చును. ఈ లోపమునకు మన దేశమునకు పాత సంబంధము గలదు. మరపట్టిన తెల్లబియ్యము తినిన సర్కారు జిల్లాలలో బెరిబెరి అను వ్యాధి పూర్వము ప్రసిద్ధము. జావా ద్వీపమున 1890 తరువాతి యేండ్లలో క్రిస్టియాన్ ఐక్మన్ తెల్లబియ్యము మేసిన కోళ్లకు అట్టి వ్యాధియే వచ్చుటను కనుగొనెను. ఆయనకు 1929లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆసుపత్రిలో రోగికి గ్లూకోజు ఎక్కింపబోవునప్పుడు, "ఈమెకు కడుపు చికిత్స జరిగినది, వాంతులగుచున్నవి" అని తప్పక చెప్పుడు. థయమిన్ ఇచ్చి గాని గ్లూకోజు ఎక్కింపరాదు.

విటమినుల మాత్రలు జీవితాంతము వేసికొనవలయును: ఇనుము, కాల్షియము, డి, బి పండ్రెండు, ఫోలిక్ ఆమ్లము. ఈ కడపటిదానిని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మాత్ర చేతబట్టినప్పుడెల్ల నాకు ఆయన పేరు జ్ఞప్తికి వచ్చును. ఏటేట రక్తపరీక్ష మానరాదు. బరువు తగ్గినది గదా యని మూడవయేట మాత్రలు మానినవారే రక్తహీనతచే తిరిగి ఆసుపత్రికి పోవుచున్నారు.

పరామర్శకు పోవువారు రొట్టెయు, బత్తాయిలును, గ్లూకోజు పొట్లమును కొనిపోవుట మనకు ఆచారమైనది. ఈ రోగి కడకు వట్టిచేతులతో పొండు, లేదా నాలుగు గ్రుడ్లు కొనిపొండు, శాకాహారులైనచో పెరుగు. "ఇంత చిక్కిపోతివేమమ్మా!" అని కంటతడి పెట్టవద్దు. ఆమె చిక్కుటకే లక్షలు వెచ్చించినది.

అన్నము ఎన్నటికిని నిషిద్ధము కాదు. కొన్నినెలల పిమ్మట చోటు దొరకును. నా అక్క కూతురి యింట ఇప్పుడు వడ్డన క్రమము మారినది: మొదట గ్రుడ్డో గట్టిపప్పో, పిదప కూర, తుదకు రెండు మూడు చెంచాల అన్నము, మెత్తగా నమలి తినుటకు. ఆ అత్తగారు మొన్న నన్ను, "మరి సత్యనారాయణవ్రతం ప్రసాదం మాటేమిటండీ అన్నయ్యగారూ?" అని అడిగినది. కన్నులకద్దుకొని పెసరగింజంత నోట వేసికొనిన చాలునంటిని. ఆమె అంతే పెట్టినది.