బెడ్డు లేదంటే లెక్క వేద్దాం



"బెడ్డు ఖాళీ లేదు" అంటారు. బాలింత కింద చాప మీద పడుకుంటుంది. పడకలు తక్కువా? ఆలస్యం ఎక్కువా? లెక్క వేస్తేనే తెలుస్తుంది.

సామాజిక ఆరోగ్య కేంద్రం అంటే 30 పడకల ఆస్పత్రి. ఒక్కో రోగికి 5 రోజుల్లో నయమైతే, నెలలో ఒక పడక 6గురికి అందుతుంది. 30 పడకలు 180 మందికి.

డిశ్చార్జి చీటీ కోసం ఒక్కొక్కరూ ఇంకో రోజు ఆగారనుకోండి. అప్పుడు 150 మందికే. పడక ఒక్కటీ తగ్గలేదు. 30 మందికి చోటు పోయింది!

అందుకే టైములు రాయాలి. వచ్చింది ఎప్పుడు? డాక్టరు చూసింది ఎప్పుడు? పడక దొరికింది ఎప్పుడు? ఇంటికి పంపింది ఎప్పుడు? ఎక్కడ ఆలస్యమైందో అక్కడే అడగాలి. ఎక్కడా ఆలస్యం లేకపోతే, పడకలే పెంచమని అడగాలి.

నోటిమాట గాలికి పోతుంది. రాసిన లెక్క నిలబడుతుంది.